పండుగకి ఎంతమంది కావాలి?

(ఒక సాయంత్రపు సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. మాట్లాడేటప్పుడు రెండేసిసార్లు దొర్లిన మాటలు తీసేశాం. మిగతాది ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. అస్సలాము అలైకుం.

వెనక వరసవాళ్లకి వినబడుతోందా? ఒకసారి చెయ్యెత్తండి. సరే, బాగుంది.

నన్ను పిలిచినవాళ్లు ఈద్ గురించి మాట్లాడమన్నారు. ఈద్ అనగానే మనందరికీ ఒక ఫొటో గుర్తొస్తుంది. పండుగ మర్నాడు పేపర్లో వేస్తారు చూడండి, మైదానం నిండా తెల్లబట్టలు, వేలమంది ఒకేసారి సజ్దాలో, అంటే నుదురు నేలకానించి, వంగి ఉంటారు. ఫొటోగ్రాఫర్ ఏదో మేడెక్కి తీసుంటాడు. మంచి ఫొటోనే. కాకపోతే ఇవాళ నేను చెప్పబోయే పండుగకి మేడ ఎక్కనక్కర్లేదు. గుమ్మంలో నిలబడి ఫోన్‌తో తీస్తే మొత్తం జమాత్, అంటే కలిసి నమాజు చేసే జనమంతా, పట్టేస్తుంది. ఇంకా వెనకున్న ఖాళీ గోడ కూడా పడుతుంది. (నవ్వులు)

ఇరవై మంది, నలభై మంది, మహా అయితే ఎనభై మంది. అలాంటి జమాత్‌లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నాయి. వాళ్లు పండుగ ఎలా చేసుకుంటారన్నదే నా విషయం.

అసలు పండుగకి ఎంతమంది కావాలి? సరదాకి అడగడం లేదు. ఫిఖ్ పండితులు, అంటే ఇస్లాం ధర్మశాస్త్రం చదివినవాళ్లు, కూర్చుని లెక్కేసిన ప్రశ్న ఇది. శుక్రవారం జుమా నమాజుకి నలభై మంది ఉండి తీరాలని షాఫయీ మజ్‌హబ్, అంటే ఆ శాస్త్రంలో ఒక సంప్రదాయం, అంటుంది. మాలికీలు పన్నెండుతో సరిపెట్టారు. హనఫీ మజ్‌హబ్‌లో ముందుండి నమాజు చేయించే ఇమాం కాక ముగ్గురుంటే చాలు, అయితే అది పట్నం లాంటి చోటై ఉండాలని ఇంకో మెలిక పెట్టారు. మరి ఈద్ నమాజుకి? హనఫీలు దాన్ని వాజిబ్, అంటే తప్పనిసరి, అన్నారు, జుమాకి ఉన్న షరతులే దీనికీ తగిలించారు. తమాషా ఏమిటంటే, జుమా దగ్గర నలభైకి ఒక్కరు తగ్గినా ఒప్పుకోని షాఫయీలే ఈద్ దగ్గరికొచ్చేసరికి మెత్తబడ్డారు. ఇది సున్నత్, అంటే ప్రవక్త పాటించిన అలవాటు, ఒక్కడే ఉన్నా చదువుకోవచ్చు అన్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇక్కడ ముస్లిమేతర మిత్రులు కూడా ఉన్నారు కాబట్టి ఈద్ నమాజు ఎలా ఉంటుందో రెండు ముక్కలు చెబుతాను. చాలా చిన్న నమాజు. రెండే రకాత్‌లు, అంటే నిలబడి, వంగి, సజ్దా చేసే ఆవృతాలు రెండే. నమాజుకి పిలిచే అజాన్ ఉండదు, మొదలవుతోందని చెప్పే ఇఖామత్ ఉండదు. పొద్దు పొడిచి కాస్త పైకొచ్చాక మొదలుపెట్టి మధ్యాహ్నం కాకముందే ముగించాలి. జుమాలో ముందు ఖుత్బా, అంటే ప్రసంగం, తర్వాత నమాజు. ఈద్‌లో తిరగేసి, నమాజు అయ్యాకే ఖుత్బా. రోజువారీ నమాజులో లేనిది ఇంకొకటుంది, అదనపు తక్బీర్లు. చేతులెత్తి అల్లాహు అక్బర్ అనడం. ఇవి ఎన్ని అన్నదానిలో హనఫీలది ఒక లెక్క, ఒక్కో రకాత్‌కి మూడేసి, మొత్తం ఆరు. షాఫయీలది ఇంకో లెక్క, మొదటి రకాత్‌లో ఏడు, రెండోదానిలో అయిదు. ఈ ఆరూ పన్నెండూ నన్ను ఒకసారి ఎలా ముంచాయో చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఉద్యోగం పేరుతో నేనొక చలి ఊళ్లో ఉన్నాను. ఊరి పేరు, దేశం పేరు చెప్పను. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదానిలో అక్కడి ఒక ఆఫీసు మీద చిన్న చాడీ ఉంది. (నవ్వులు) మసీదు లేదు. పిల్లాపాపలతో కలిపి ముప్ఫై నాలుగు మందిమి. పండుగకి ఆటల హాలు ఒకటి అద్దెకు తీసుకునేవాళ్లం. ఇక్కడో చిక్కుంది. నెలవంక కనిపించేదాకా పండుగ ఎల్లుండో ఆవలెల్లుండో తెలియదు కదా. హాలు ఆఫీసుకి వెళ్లి "రెండు రోజుల్లో ఏదో ఒక రోజు కావాలి, ఏ రోజన్నది ముందురోజు రాత్రి చెబుతాం" అంటే వాళ్లకి అర్థం కాదు. పెళ్లికైనా, మ్యాచ్‌కైనా తేదీ ఉంటుంది, మీ పండుగకి తేదీ లేదా అంటారు. చివరికి రెండు రోజులకీ డబ్బు కట్టేశాం. వాళ్లు డైరీలో మాత్రం రెండో రోజే రాసుకున్నారు.

పండుగ మొదటి రోజే వచ్చింది. పొద్దున ఏడున్నరకి వెళ్తే తలుపులకి తాళం. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. రాత్రి పడ్డ మంచు, పక్కన కార్లు ఆపుకునే జాగా. అందరూ నా మొహం చూస్తున్నారు, ఎందుకంటే బుకింగ్ చేసింది నేను. అప్పుడు మాలో పెద్దాయన, సోమాలియా మనిషి, నింపాదిగా ఒక మాటన్నాడు: "ప్రవక్త ఈద్ నమాజుకి ఊరి బయటి మైదానానికే వెళ్లేవారు. తాళం రాకపోవడం మంచిదే." మాట నిజమే, ఈద్‌గాహ్ అన్న ఆలోచనే అక్కణ్నుంచి వచ్చింది. ఇక అందరూ దిగారు. ఒకాయన కారు వెనక నుంచి పార తీశాడు. ఇద్దరు కుర్రాళ్లు అట్టపెట్టెలు చింపి మంచు పక్కకి తోశారు. మీద టార్పాలిన్, దానిమీద ఇళ్ల నుంచి తెచ్చిన దుప్పట్లు. నా ముందు పడింది ఎవరి పిల్లదో డైనోసార్ల బొమ్మల దుప్పటి. సజ్దాకి వెళ్లినప్పుడల్లా నుదురు సరిగ్గా ఒక పచ్చ డైనోసార్ మీద ఆనేది. నమాజు చేసే చోట బొమ్మలుండకూడదన్న సంగతి అప్పుడు ఎవరూ ఎత్తలేదు. (నవ్వులు)

ఏటా నమాజు చేయించే పీహెచ్‌డీ కుర్రాడు చదువైపోయి వెళ్లిపోయాడు. ఖురాన్ ఎవరికి బాగా వస్తే వాళ్లు ముందు నిలబడాలన్నది పద్ధతి. మాలో ఎవరికీ అంత బాగా రాదు. తిరిగి తిరిగి అది నా మీద పడింది. వెనక వరసలో ఇండొనేషియా వాళ్లు, సోమాలియా వాళ్లు షాఫయీలు, వాళ్లకి పన్నెండు తక్బీర్లు. తుర్కియే వాళ్లు, నేను హనఫీలం, మాకు ఆరు. "ఇమాం ఎన్ని చెబితే అన్నే" అని ముందే అనుకున్నాం. మొదటి రకాత్ బాగానే గడిచింది. రెండో రకాత్‌లో హనఫీ పద్ధతి ప్రకారం ముందు ఖురాన్ చదివి, ఆ తర్వాత మూడు తక్బీర్లు చెప్పాలి. షాఫయీలకి తక్బీర్లు ముందే. నేను లేచి ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా మొదలుపెట్టేసరికి వెనక సగంమంది చేతులు అప్పటికే పైకి లేచాయి. ఆ కంగారులో చదవడం పూర్తి చేసి, మూడు తక్బీర్లూ మింగేసి, సూటిగా రుకూలోకి వంగాను. వెనక నుంచి "సుబ్‌హానల్లాహ్" అని గట్టిగా అందించారు. ఇమాం తప్పు చేస్తే చెప్పే మాట అది. నాకు ఏ తప్పో తట్టలేదు. నేను వంగి ఉన్నాను, కొందరు నాతో వంగారు, కొందరు చేతులెత్తి నిలబడే ఉన్నారు. ఒక చిన్నపిల్లాడు పకపకా నవ్వాడు.

ఎందుకు చెబుతున్నానంటే, పెద్ద ఊళ్లో నేను పాతికేళ్లు ఈద్ నమాజు చదివాను. ఒక్కనాడైనా తాళం ఎవరి దగ్గరుందో, చాపలు ఎవరు పరిచారో, తక్బీర్లు ఎన్నో పట్టించుకోలేదు. అక్కడ పండుగ దానంతటదే వచ్చేది. వెళ్లి వరసలో నిలబడితే చాలు. ముప్ఫై నాలుగు మందిలో అలా కుదరదు. ప్రతి పనికీ ఒక మనిషి పేరు ఉంటుంది. ఆ మనిషికి జ్వరమొస్తే ఆ పని ఆగిపోతుంది.

ఇంతకీ నెలవంక. చంద్రమాసం 29 రోజులు, లేదంటే 30. ఏడాదికి 354 లేదా 355 రోజులు. అందుకే ఈద్ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టేస్తుంది. 2000లో చూడండి, రంజాన్ పండుగ జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు ఆఖర్లో ఇంకోసారి వచ్చింది. ఇదంతా మీకు తెలిసిందే. గొడవంతా ఆ ఇరవైతొమ్మిదో రోజు సాయంత్రమే. కొందరు ఇక్కడి ఆకాశంలో కంటితో చూడాలంటారు. కొందరు సౌదీ ప్రకటన వస్తే చాలంటారు. ఇంకొందరు ఖగోళ లెక్కలు ఉండగా మేడెక్కి చూడటమెందుకంటారు. ఉత్తర అమెరికా ఫిఖ్ కౌన్సిల్ 2006లో లెక్కల వైపే మొగ్గింది.

పెద్ద నగరంలో రెండు ఈద్‌లు వచ్చినా ఎవరికీ ఏమీ కాదు. ఈ మసీదులో ఇవాళ, ఆ మసీదులో రేపు, రెండూ నిండుతాయి. నలభై మంది ఉన్న చోట పదిహేను మంది ఇవాళ, పాతికమంది రేపు అంటే ఇక పండుగ ఏం మిగిలినట్టు? హాలు రెండుసార్లు. పిల్లలు స్నేహితుల్లో సగంమందికే ముబారక్ చెప్పాలి, మిగతా సగం ఇంకా ఉపవాసంలో ఉంటారు. ఒకే ఇంట్లో మొగుడిది ఒక లెక్క, పెళ్లాందింకో లెక్క అయిన సందర్భం కూడా నేను చూశాను. ఆ ఇంటికి ఆ రోజు భోజనానికి పిలిస్తే వెళ్లాలా వద్దా అన్నది పెద్ద టెన్షన్. (నవ్వులు)

ఈ తేడా కొత్తదేం కాదు. ప్రవక్త మాటలూ పనులూ చెప్పే కబుర్లని హదీసులంటారు. వాటి సంకలనం సహీ ముస్లింలో కురైబ్ అనే ఆయన కథ ఉంది. ఆయన పనిమీద షామ్, అంటే సిరియా ప్రాంతం, వెళ్లి, అక్కడ శుక్రవారం రాత్రి రంజాన్ నెలవంక చూసి, ఆ నెల చివర్లో మదీనా తిరిగొచ్చాడు. ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ అడిగితే చెప్పాడు. ఇబ్న్ అబ్బాస్ "మేం శనివారం రాత్రి చూశాం. మళ్లీ నెలవంక చూసేదాకానో, ముప్ఫై పూర్తయ్యేదాకానో ఉపవాసాలు ఉంటాం" అన్నారు. షామ్‌లో పాలకుడు చూశాడు, ప్రజలు చూశారు, అది చాలదా అంటే, చాలదు, ప్రవక్త మాకిలాగే చెప్పారు అన్నారు. దూరదేశంవాళ్ల లెక్క వాళ్లది, మా లెక్క మాది అనేవాళ్లు ఈ హదీసు చూపిస్తారు. తిర్మిజీ అనే పండితుడి హదీసు సంకలనంలో ఇంకొకటుంది. మీరంతా ఉపవాసం ఉన్న రోజే ఉపవాసం, మీరంతా విరమించిన రోజే ఈద్, మీరంతా ఖుర్బానీ ఇచ్చిన రోజే అజ్‌హా, అంటే బక్రీద్, అని దాని సారం. జమాత్‌తో, ఎక్కువమంది జనంతో కలిసి చెయ్యమనే దీని అర్థమని కొందరు పండితులు వివరించినట్టు తిర్మిజీయే రాసుకున్నారు. నేను పండితుణ్ని కాను. కానీ చిన్న జమాత్‌లో బతికినవాడిగా నా ఓటు ఈ రెండోదానికే. మా ముప్ఫై నాలుగు మందిమీ చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాం. దగ్గర్లోని పెద్ద నగరం మసీదుకి రాత్రి ఒక్క ఫోన్. వాళ్లేం చెబితే అదే. మనసులో ఎవరికేమున్నా పొద్దున అందరూ ఒకే చోట.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం దూరం తీసుకెళ్తాను. పోలండ్ ఈశాన్య మూల, బెలారస్ సరిహద్దు దగ్గర రెండు పల్లెలున్నాయి. క్రుషినియానీ, బొహోనికి. రెండింటిలోనూ కొయ్యతో కట్టిన మసీదులు. క్రుషినియానీ మసీదుకి ఆకుపచ్చ రంగు, ముందు రెండు బురుజులు. దూరం నుంచి చూస్తే పల్లెటూరి చర్చి అనుకుంటారు, దగ్గరికెళ్తే బురుజు మీద నెలవంక కనిపిస్తుంది. లోపల గోడలకి అరబ్బీలో రాసిన ఖురాన్ వాక్యాలు, ఆయత్‌లు, ఫ్రేములు కట్టి వేలాడదీసి ఉంటాయి. ఆడవాళ్ల గదికీ మగవాళ్ల గదికీ మధ్య గోడలో అడ్డంగా ఒక సందు, దానికి పల్చటి తెర.

ఇక్కడివాళ్లు తాతార్లు, తుర్కు మూలాల ముస్లింలు. వీళ్ల పూర్వీకుల్ని పద్నాలుగో శతాబ్దం ఆఖర్లో లిథువేనియా పాలకుడు వితౌతాస్ తన సైన్యం కోసం రప్పించి నిలుపుకున్నాడు. ఆ తర్వాత 1679లో పోలండ్ రాజు యాన్ సోబియెస్కీ ఈ రెండు పల్లెల్లో భూములిచ్చాడు. దయతో ఇచ్చాడనుకునేరు, జీతం బకాయిలు పేరుకుపోయాయి, ఖజానాలో డబ్బుల్లేవు, అందుకని భూమి. (నవ్వులు) కొన్ని తరాలకి వీళ్లు సొంత భాష మర్చిపోయారు. ఇళ్లలో పోలిష్, బెలారష్యన్. కానీ లిపి వదల్లేదు. ఆ స్లావ్ భాషల్నే అరబ్బీ అక్షరాల్లో రాసుకున్నారు. ఆ చేతిరాత పుస్తకాల్ని కితాబ్‌లు అంటారు. భాష పోయినా నమాజు పోలేదు, పండుగ పోలేదు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత సరిహద్దులు మారిపోయాయి. పాత తాతార్ మసీదుల్లో ఎక్కువభాగం సోవియట్ వైపు ఉండిపోయాయి. పోలండ్‌లో మిగిలిన పాత మసీదులు ఈ రెండే. పల్లెల్లో ఇప్పుడు తాతార్ కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగతావాళ్లు ఉద్యోగాలకి బియావిస్తోక్ లాంటి పట్నాలకి వెళ్లిపోయారు. బైరామ్ రోజున మాత్రం కార్లు పల్లె దారి పడతాయి. వీళ్లు ఈద్‌ని బైరామ్ అనే అంటారు, బక్రీద్‌ని కుర్బాన్ బైరామ్ అంటారు. నమాజు అయ్యాక పక్కనే ఉన్న శ్మశానానికి, వాళ్ల మాటలో మిజార్‌కి, వెళ్లి పెద్దల సమాధుల దగ్గర నిలబడతారు. తర్వాత భోజనాలు. పొరలు పొరలుగా పిండి చాచి, మాంసం పెట్టి, నత్తగుల్లలా చుట్టి కాల్చే పెరెకాచెవ్నిక్ అనే వంటకం వీళ్ల ప్రత్యేకత.

ఆ పండుగకీ ఒక గండం వచ్చింది. జంతువుని ముందు స్పృహ తప్పించకుండా కోయడం చెల్లదని 2013 నుంచి పోలండ్‌లో నిషేధం అమల్లోకొచ్చింది. కుర్బాన్ బైరామ్‌లో అసలు పనే అది. వందల ఏళ్లుగా ఆ నేలమీదే చేస్తున్న పని ఒక్కసారిగా నేరమైంది. 2014 డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదని తీర్పిచ్చింది. జంతువుల బాధ గురించి అడిగే ప్రశ్న చిన్నదని నేననను. కాకపోతే ఆ చర్చ జరిగే గదిలో ఈ కొద్దిమంది గొంతు ఎంత వినబడుతుందో మీరే ఊహించుకోండి.

ఇంకొక సంగతి చెప్పి ఆ పల్లెలు వదిలేస్తాను. 2021లో బెలారస్ సరిహద్దు అడవుల్లో సిరియా నుంచీ ఇంకా ఎక్కడెక్కణ్నుంచో వచ్చిన వలసజనం చిక్కుకుపోయారు. చలికి, నదిలో పడి, కొందరు చనిపోయారు. వాళ్లలో కొందరిని ఆ నవంబరులో బొహోనికి మిజార్‌లో ఖననం చేశారు. చనిపోయినవాళ్లలో చాలామంది బంధువులు దగ్గర లేరు. జనాజా నమాజులో, అంటే అంత్యక్రియల నమాజులో, ఆ పల్లె తాతార్లు నిలబడ్డారు. పండుగకి వరస కట్టేవాళ్లు, పరాయివాడి జనాజాకి వరస కట్టినవాళ్లు, ఇద్దరూ ఆ కొద్దిమందే.

ఇప్పుడు కెనడా. ఎడ్మంటన్ నగరంలో 1938లో అల్ రషీద్ మసీదు తెరిచారు. ఆ దేశంలో కట్టిన మొదటి మసీదు అది. ముస్లిం కుటుంబాలు బహుశా ఈ హాల్లో సగానికి కూడా రావు. స్థలం కోసం మేయర్ దగ్గరికి వెళ్లింది ఆడవాళ్లు. హిల్వీ హమ్దాన్ అనే ఆవిడ ముందుండి, బజారులో దుకాణం దుకాణం ఎక్కి చందా పోగు చేసింది. యూదులూ క్రైస్తవులూ ఇచ్చారు. కట్టిన మేస్త్రి ఉక్రెయిన్ మూలాలవాడు, ఆయన చేతికి అలవాటైనవి చర్చిలు. అందుకే ఆ మసీదు కూడా కాస్త చర్చిలాగే ఉంటుంది. క్రుషినియానీ గుర్తొచ్చిందా? చిన్న జమాత్‌కి తన బొమ్మ ప్రకారం కట్టే మేస్త్రి దొరకడు. దొరికిన మేస్త్రికి ఏది వస్తే అదే మసీదు. ఖురాన్‌ని ఇంగ్లీషులోకి తెచ్చిన అబ్దుల్లా యూసుఫ్ అలీ ఆ ప్రారంభానికి హాజరయ్యారు. కొన్ని దశాబ్దాలకి ఆ భవనం కూల్చే పరిస్థితి వస్తే మళ్లీ ఆడవాళ్లే పట్టుబట్టి కాపాడారు. ఇప్పుడది ఒక చారిత్రక ఉద్యానవనంలో భద్రంగా ఉంది.

ఎడ్మంటన్ నుంచి ఇంకా ఉత్తరానికి పోతే, ఆర్కిటిక్ వలయం దాటాక, ఇనువిక్ అనే ఊరుంది. జనాభా మూడువేల పైచిలుకు. అందులో ముస్లింలు వందకి అటూ ఇటూ. టాక్సీలు నడుపుకునేవాళ్లు, చిన్న వ్యాపారాలవాళ్లు. నమాజుకి చాలాకాలం ఒక ఇరుకు ట్రెయిలర్ గదే దిక్కు. అక్కడ మసీదు కట్టాలంటే సామాను చేరవేసే ఖర్చే తడిసిమోపెడవుతుంది. అందుకని 2010లో విన్నిపెగ్‌లో మసీదు మొత్తం కట్టేసి, లారీ మీద, ఆపైన మెకంజీ నదిలో బార్జి మీద, దాదాపు 4,000 కిలోమీటర్లు పంపారు. నది గడ్డకట్టకముందే చేరాలి. లేకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. సెప్టెంబరులో చేరింది, నవంబరులో తెరిచారు. పసుపురంగు కొయ్య మసీదు, పక్కన చిన్న మీనారు. మసీదుకి మనిషి నడిచి వెళ్లడం మనకు తెలుసు. మసీదే నది మీద ప్రయాణం చేసి మనుషుల దగ్గరికి రావడం నేనైతే ఇంకెక్కడా వినలేదు.

అక్కడి చిక్కు చూడండి. వేసవిలో దాదాపు ఎనిమిది వారాలు సూర్యుడు అస్తమించడు. చలికాలంలో నాలుగు వారాలు అసలు ఉదయించడు. ఇఫ్తార్‌కి సూర్యాస్తమయం కావాలి, ఈద్ నమాజుకి సూర్యోదయం కావాలి. రెండూ లేని రోజుల్లో ఏం చేస్తారు? ఒక హదీసులో, లోకాంతానికి ముందు వచ్చే మోసగాడు దజ్జాల్ కాలంలో ఒక రోజు ఏడాదంత పొడుగుంటుందని వస్తుంది. ఆ రోజుకి ఒక్కరోజు నమాజులు సరిపోతాయా అని ప్రవక్త సహచరులు, అంటే సహాబాలు, అడిగితే, కాదు, సమయం అంచనా కట్టుకోండి అన్నారు ప్రవక్త. పండితులు దాన్నే ఆధారం చేసుకుని, అలాంటి చోట్ల దగ్గర్లోని మామూలు ఊరి టైము పాటించమన్నారు. ఇనువిక్‌వాళ్లు పాటించేది ఎడ్మంటన్ టైము. బయట ఆకాశంలో ఇంకా సూర్యుడుండగా, ఎక్కడో దక్షిణాన ఎడ్మంటన్‌లో పొద్దుగూకిందని గడియారం చూసి ఖర్జూరం నోట్లో పెట్టుకుంటారు. మా ముప్ఫై నాలుగు మంది ఒక్క ఫోన్ పద్ధతి గుర్తుందా, వీళ్లదీ దాదాపు అదే.

ఫిత్రా గురించి త్వరగా చెప్పేస్తాను. రంజాన్ చివర్లో ఇంట్లో ప్రతి మనిషి పేరా, పసిపిల్లతో సహా, ఒక కొలత తిండిగింజలు పేదవాళ్లకి ఇవ్వాలి. కొలత పేరు సా, అంటే నాలుగు దోసిళ్లు. ఈద్ నమాజు కాకముందే చేరాలి, తర్వాత ఇస్తే అది మామూలు దానమే అవుతుంది. పండుగ పూట పేదవాడు చెయ్యి చాచకూడదన్నది ఉద్దేశం. చిన్న జమాత్‌లో తీసుకునేవాళ్లు కనబడకపోవచ్చు, అప్పుడు ముందుగానే పోగుచేసి వేరే చోటికి పంపుతారు. మా దగ్గర ఆ లెక్క రాసింది పద్నాలుగేళ్ల అమ్మాయి. ఎవరింట్లో ఎంతమందో ఆ పిల్లకే కచ్చితంగా తెలుసు. ఒకాయన ఇంట్లో నలుగురని చెబితే, "లేదంకుల్, అయిదుగురు, పోయిన వారమే బాబు పుట్టాడుగా" అని దిద్దింది.

ఆడవాళ్ల సంగతి అడుగుతారని తెలుసు. ప్రవక్త కాలపు ఉమ్మె అతియ్యా అనే ఆవిడ చెప్పిన హదీసు బుఖారీ అనే సంకలనంలో ఉంది. ఈద్‌కి ఆడవాళ్లందర్నీ బయటికి తీసుకురమ్మని ప్రవక్త చెప్పారు. నెలసరిలో ఉన్నవాళ్లు నమాజు చోటుకి కాస్త పక్కగా ఉండి దువాలో, అంటే ప్రార్థనలో, కలవాలి. ఒకావిడ, కప్పుకోవడానికి వస్త్రం లేకపోతే ఎలా అని అడిగితే, తోటి ఆమె తన దాంట్లోంచి ఇవ్వాలి అన్నారు. రాకపోవడానికి సాకు దొరక్కుండా చేశారన్నమాట. పెద్ద ఊళ్లలో చాలాచోట్ల ఈ హదీసు పుస్తకంలోనే ఉండిపోతుంది. చిన్న జమాత్‌లలో మాత్రం దీన్ని పాటించక తప్పదు. ఆడవాళ్లూ పిల్లలూ రాకపోతే అక్కడ పట్టుమని ఒక వరస కూడా నిండదు.

నా టైము అయిపోయిందని సైగ చేస్తున్నారు. ఒకట్రెండు ప్రశ్నలు తీసుకుందాం.

(సభలోంచి ఒకరు: ఇంతకీ ఎంతమంది కావాలో మీరు చెప్పలేదు. ఒక్క కుటుంబమే ఉంటే ఎలా?)

అవును, మొదట్లో మాటిచ్చాను కదా. బుఖారీలో ఈద్ నమాజు తప్పిపోయినవాళ్ల గురించి ఒక అధ్యాయం ఉంది. దాని శీర్షికలోనే ఒక చిన్న కబురు ఉంటుంది. ప్రవక్త సేవలో పెరిగిన అనస్ ఇబ్న్ మాలిక్ ముసలితనంలో ఇరాక్‌లోని బస్రా దగ్గర జావియా అనే చోట ఉండేవారు. ఊరికి దూరం. ఆయన తన ఇంటి మనిషితో చెప్పించి, ఇంట్లోవాళ్లనీ పిల్లల్నీ ఒకచోట చేర్చి, ఊళ్లోవాళ్లు ఎలా చదువుతారో అలాగే, అవే తక్బీర్లతో, ఈద్ నమాజు చదివించారు. అంతే ఉంది అక్కడ. ఇంట్లో ఎంతమందో లెక్క చెప్పలేదు.

నాకిది 2020 మేలో బాగా గుర్తొచ్చింది. లాక్‌డౌన్ ఈద్. చాలా దేశాల్లో మసీదులు మూసి, కోట్లమంది ఇళ్లలోనే చదువుకున్నారు. మొదట్లో చెప్పిన పేపరు ఫొటో ఆ ఏడాది వెయ్యడానికి లేదు. మా ఇంట్లో నేను, మా ఆవిడ, అబ్బాయి, అమ్మాయి. ముందు గదిలో సోఫా జరిపి నాలుగు జానిమాజ్‌లు, అదే నమాజు చాపలు, పరిచాం. నేనే ఇమాం. నా పాత ఘనకార్యం ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మాయి ముందే షరతు పెట్టింది, తను వెనక వేళ్ల మీద లెక్కపెడుతుందట. రెండో రకాత్‌లో చదవడం అయ్యాక ఆగాను, ఒకటి, రెండు, మూడు, తర్వాత రుకూ. సలాం తిప్పి నమాజు ముగించి వెనక్కి చూస్తే, పిల్ల ఒక చేతి వేళ్లన్నీ, ఇంకో చేతిది ఒక వేలు చాపి పట్టుకుని ఉంది.

"అబ్బా, ఆరూ వచ్చాయి" అంది.